60వ సెకను దగ్గర అతుకు

మాస్టారి స్మారకోపన్యాసానికి నన్ను పిలిచినవారు విషయం ఏమిటని అడగనే లేదు. ఆయన శిష్యుడు రికార్డింగ్ టేపు గురించి కాక ఇంకేం మాట్లాడతాడు! పాట వినకుండా అట్ట మీది కబుర్లు చదవకండ్రా అని ఆయన మమ్మల్ని పోరేవారు.

'స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్' పుట్టుక మీకు తెలిసిందే: లివర్‌పూల్‌లో సాల్వేషన్ ఆర్మీవారి పిల్లల ఆశ్రమం, 1966లో స్పెయిన్‌లో షూటింగ్ మధ్య తీరికలో జాన్ లెనన్ కట్టిన బాణీ. అవన్నీ దాటేసి నేరుగా లండన్ ఆబీ రోడ్‌లోని ఈఎంఐ స్టూడియోకి వస్తాను.

అక్కడ నవంబర్ 24న మొదలైన పాట నెలాఖరుకి 7వ టేకు దగ్గర ఒక రూపానికొచ్చింది. మెలోట్రాన్ మీద వేణునాదం, తాపీ నడక. లెనన్‌కి తృప్తి లేదు. డిసెంబర్‌లో మళ్లీ మొదటికొచ్చారు. ఈసారి డ్రమ్ముల హోరు, వెనక్కి తిప్పిన సింబల్స్, లెనన్ బృందంలోని జార్జ్ హారిసన్ మీటిన మన స్వరమండలం. 15న నిర్మాత జార్జ్ మార్టిన్ రాసిచ్చిన స్వరాలకు నాలుగు ట్రంపెట్లు, మూడు చెల్లోలు. ఇది 26వ టేకు. దీని అడుగున ఉన్నది కూడా రెండు టేకులు కోసి కలిపిన టేపే.

రెండూ విన్న లెనన్ 7వ టేకు మొదలు, 26వ టేకు చివర కావాలన్నాడు. శ్రుతులు వేరు, నడకలు వేరు అన్నాడు మార్టిన్. మీరే ఏదో ఒకటి చేస్తారులే అని లెనన్ ఆ బరువు ఆయన మీద వదిలేశాడు. డిసెంబర్ 22న మార్టిన్, ఇంజనీరు జెఫ్ ఎమెరిక్ పనికి కూర్చున్నారు. కొత్త టేకు వేగమూ ఎక్కువ, శ్రుతీ ఎక్కువ. టేపు నెమ్మదిస్తే రెండూ కలిసే దిగుతాయి. అర్ధస్వరం దిగాలంటే వేగం దాదాపు 6 శాతం తగ్గాలి. పాతదాన్ని కాస్త పెంచి, కొత్తదాన్ని తగ్గించి, రెండో పల్లవిలో, వాక్యం ఇంకా పూర్తికాకుండానే, 60వ సెకను దగ్గర టేపు కోసి అతికారు. అక్కణ్ణుంచి గొంతు వినండి: బరువెక్కి, నిద్రమత్తులో పలికినట్టు సాగుతుంది.

నా పేచీ ఇక్కడే. 'అదృష్టం కొద్దీ కుదిరింది' అని పండితులు ఒక్క ముక్కలో తేల్చేస్తారు. వేగం ఎక్కువున్న టేకే శ్రుతి ఎక్కువున్నది కావడం అదృష్టమే, కాదనను. అయితే కోత ఎక్కడ పెట్టాలన్నది అదృష్టం చెప్పదు కదా! సరిగ్గా చెల్లోలూ, హోరెత్తే కొత్త డ్రమ్ములూ అడుగుపెట్టే చోట కోశారు. చెవి కొత్త వాద్యాల వెంట పోతుంది, అతుకు జోలికి పోదు. ఇంకో వర్గం ఉంది, జీవితచరిత్రల వర్గం. వాళ్లు ఆశ్రమం గోడ ఎత్తెంతో చెబుతారు గాని పాట ఏ శ్రుతిలో ఉందో చెప్పరు. శ్రుతి సరిగ్గా ఉన్న హార్మోనియం పక్కన పెట్టుకుని చూడండి, ఏ మెట్టూ కలవదు. ఏ-కీ బీ ఫ్లాట్‌కీ నడుమ ఎక్కడో తేలుతుంది పాట. ఆ తేలడం లెనన్ బాల్యం నుంచి వచ్చింది కాదండీ, టేపు వేగం నుంచి వచ్చింది. పల్లవిలో రెండో కార్డుకే పంచమం మీద మేజర్ రావలసిన చోట మైనర్ వేయడం లెనన్ గొప్పతనమే, దాని గురించి కూడా చెప్పాలనుకున్నాను...

చీటీ వచ్చింది. త్వరగా ముగిస్తాను. 1967 ఫిబ్రవరిలో 'పెన్నీ లేన్'తో జోడీగా విడుదల. బ్రిటన్‌లో ఎంగెల్‌బర్ట్ హంపర్డింక్ అడ్డుపడి రెండో స్థానంతో సరి. ఈ రెండింటినీ ఆ తర్వాతి ఆల్బంలో చేర్చనందుకు మార్టిన్ తర్వాత వాపోయాడు. చివర పాట సన్నగిల్లి మళ్లీ లేవడం, లెనన్ గొణుగుడు మీద పుట్టిన పుకార్లు వదిలేస్తున్నా. 1996లో 7వ టేకు, 2017లో 26వ టేకు అధికారికంగా బయటికొచ్చాయి. 26ను విడిగా వింటే అదే గొంతు పలచగా, పరుగు మీద ఉంటుంది. అదృష్టమని రాసినవారు ఆ రెండూ తెచ్చుకుని, 60వ సెకను దగ్గర ఒకసారి తామే అతికి చూడవచ్చు.