మన తర్వాత వచ్చే చెయ్యి
(పాఠశాల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను ఉపన్యాసాలు ఇచ్చేవాణ్ణి కాను. ఇక్కడ పదో తరగతి అయ్యాక ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చేశాను. ముప్పై ఏళ్లకు పైగా వర్క్‌షాపుల్లో గడిపాను. చివరి పన్నెండేళ్లు కొత్తగా పనిలో చేరిన పిల్లలకు పనిముట్లు పట్టడం నేర్పాను. స్వర్ణోత్సవ కానుకగా బడికి ఒక పనిగది ఇద్దామని సంఘం అనుకున్నప్పుడు, ఏయే మిషన్లు కొనాలో రాసిమ్మని కమిటీ మిత్రులు నన్ను అడిగారు. రాసిచ్చాను. ఆ జాబితాలో పట్టని సంగతి ఒకటి మిగిలింది. అది చెప్పడానికే ఈ పది నిమిషాలు అడిగి తీసుకున్నాను.

ఇలాంటి గదిని ఇప్పుడు మేకర్‌స్పేస్ అంటున్నారు. ఎవరికి వారు కొనుక్కోలేని పనిముట్లను ఒకచోట పెట్టి, నేర్చుకున్నవాళ్లందరూ వాడుకునే చోటు అన్నమాట. హైదరాబాదులో 2023 మార్చి 2న ప్రారంభమైన టీ-వర్క్స్ 78,000 చదరపు అడుగుల్లో ఉంది. పుణె జిల్లా పాబల్ అనే పల్లెలో విజ్ఞాన్ ఆశ్రమ్ వారు 2002లోనే ఫ్యాబ్ ల్యాబ్ పెట్టుకున్నారు. 6 నుంచి 12 తరగతుల పిల్లల కోసం కేంద్రం ఇచ్చే అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు మన జిల్లాల బడుల్లోకీ వచ్చాయి. మనది ఒక్క గది. ఒక పిల్లర్ డ్రిల్లు, ఒక బెంచి గ్రైండరు, నాలుగు వైసులు, సోల్డరింగ్ బల్లలు, ఒక త్రీడీ ప్రింటరు. డబ్బు మిగిలితే లేజర్ కట్టరు.

ఇంట్లో గొడ్డలి ఒక్కరే వాడతారు. పిడి వదులైతే ఆయన చేతికి తెలుస్తుంది. పదిమంది వాడే గొడ్డలి పిడి వదులైన సంగతి పదకొండో మనిషికి ఎట్లా తెలుస్తుంది? ఉమ్మడి పనిగదిలో చిక్కంతా అక్కడే. ఎవరు ఎట్లా వదిలిపెట్టి వెళ్లారో తెలియని పనిముట్టును మనం నమ్మి పట్టుకుంటాం.

మన ప్రాంతానికి ఇది కొత్త పాఠం కాదు. మనలో సగం మంది నాన్నలు సిమెంటు ఫ్యాక్టరీలోనో, గోదావరిఖని బాయిల్లోనో, ఎన్‌టీపీసీలోనో పనిచేసినవారే. బాయి పనికి కొత్తగా చేరినవారెవరైనా ముందు వృత్తి శిక్షణ పొందాల్సిందే. దిగేముందు అగ్గిపెట్టె, బీడీ ఉన్నాయా అని జేబులు తడిమి చూస్తారు. ఎంత పాత కార్మికుడైనా ఆ తడుముడును అవమానం అనుకోడు. ల్యాంప్ రూంలో లైటు తీసుకుని దిగుతారు, పైకొచ్చి అప్పజెపుతారు. ఒక లైటు తిరిగి రాలేదంటే ఆ మనిషి ఎక్కడున్నాడని వెతుకుతారు. పైకప్పు ఎట్లా ఉంది, గ్యాసు ఉందా, నీరు చేరిందా అని దిగిపోయే షిఫ్టువారు రాసిపెడితే ఎక్కే షిఫ్టువారు చదువుకుంటారు. ఇన్ని కట్టుబాట్ల మధ్య కూడా 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీరు చొచ్చుకొచ్చి 17 మంది చనిపోయారు. ఆ రోజు గుర్తున్నవారు ఈ సభలో చాలామంది ఉన్నారు. నియమం ఎందుకు పుడుతుందో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

అందుకే గోడకు కట్టే బోర్డు మీద 'చేయరాదు' అని మాత్రం రాసి ఊరుకోవద్దని నా మనవి. పిల్లలకు కారణం చెప్పాలి. కారణం తెలిసిన నియమం బోర్డు లేనిచోట కూడా గుర్తుంటుంది. కొన్ని చెబుతాను.

డ్రిల్లు మీద పనిచేసేటప్పుడు గ్లోవ్స్ వేసుకోకూడదు. చాలామంది దీన్ని తలకిందులుగా అనుకుంటారు. తిరిగే బిట్టు చర్మాన్ని గీస్తే గాయమవుతుంది. అదే గ్లోవ్‌ను పట్టుకుంటే వదలదు, చెయ్యంతా చుట్టుకుంటుంది. చున్నీ, విప్పిన జడ, పొడుగు చేతుల చొక్కా, ఉంగరం, గుళ్లో కట్టించుకున్న చేతి దారం అన్నిటిదీ ఇదే లెక్క. చున్నీ తీసి పక్కన పెట్టాలి, జడ ముడి వేసుకోవాలి. దారం తీయడం ఇష్టం లేని పిల్లవాడికి ఆ రోజు వైసు దగ్గర ఆకురాయి పని ఇద్దాం. డ్రిల్లు చక్ బిగించే తాళంచెవిని చక్‌లోనే వదిలి స్విచ్ వేస్తే అది రాయిలా ఎగిరి వస్తుంది. రేకు ముక్కను చేత్తో పట్టుకుని బెజ్జం వేయకూడదు. బిట్టు పట్టేసిందంటే ఆ రేకే కత్తిలా గిర్రున తిరుగుతుంది.

గ్రైండరు రాయిని బిగించేముందు వేలాడదీసి, కర్ర పిడితో మెల్లగా తట్టి వినాలి. ఖంగుమంటే మంచిది, బొద్దుగా మోగితే లోపల పగులు ఉన్నట్టు. కొత్త రాయి బిగించాక ఒక నిమిషం పక్కకు నిలబడి తిరగనివ్వాలి. పని ఆనించే రెస్టుకూ రాయికీ మధ్య సందు 3 మిల్లీమీటర్లు మించకూడదు, మించితే పనిముక్కను లోపలికి లాక్కుంటుంది. రాయి పక్క ముఖం మీద అరగదీయకూడదు.

ఇక కరెంటు. ఎంసీబీ కాపాడేది వైరును. మనిషిని కాపాడేది 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ. గదికి రెండూ ఉండాలి. ఇంకో మాట. పొలం మోటార్లకు ఆటో స్టార్టర్లు మనందరికీ తెలిసినవే. కరెంటు పోయి వస్తే మోటారు దానంతటదే తిరుగుతుంది. మామూలు స్విచ్ ఉన్న చిన్న డ్రిల్లు కూడా అంతే. కరెంటు పోయిందని పిల్లవాడు బిట్టు మార్చుకుంటుంటాడు, అప్పుడే కరెంటు వస్తుంది. అందుకని, కరెంటు వచ్చినా బటన్ నొక్కితే తప్ప తిరగని స్టార్టరునే ప్రతి మిషన్‌కూ పెట్టించాలి. లేజర్ కట్టరు కొంటే అందులో రెగ్జిన్, పీవీసీ పెట్టనివ్వకూడదు. కాలితే వచ్చే ఆమ్లపు పొగ ఊపిరితిత్తులనూ పాడు చేస్తుంది, మిషన్‌నూ తుప్పు పట్టిస్తుంది. కోస్తున్నంతసేపూ పక్కన మనిషి ఉండాలి.

ఇవన్నీ నేర్పవచ్చు, వారం పని. నేర్పడం కష్టమైనది ఇంకొకటి ఉంది.

చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక వర్క్‌షాపులో గ్రైండరు రాయి పగిలి ఒక అబ్బాయి చెంప చీరుకుపోయింది. కన్ను తప్పింది, అదే అదృష్టం. విచారిస్తే తేలిందేమిటంటే, అంతకు ముందురోజు ఇంకో అబ్బాయి చేతిలోంచి ఇనుప ముక్క జారి ఆ రాయికి తగిలింది. చెబితే తిడతారని, జీతం కోస్తారని చెప్పలేదు. ఆ వారం ముందే అక్కడ విరిగిన బిట్టుకు ఒకరి దగ్గర డబ్బు వసూలు చేశారు. బిట్టు ఖరీదు ఎంతో చెబితే మీరు నవ్వుతారు. ఆ డబ్బు కోసం వాళ్లు పోగొట్టుకున్నది మనుషులు నిజం చెప్పే అలవాటును.

బడిలో ఈ భయం ఇంకా ఎక్కువ. సారు కొడతారేమో, ఇంట్లో తెలుస్తుందేమో అని పిల్లలు దాస్తారు. అందుకే నా మొదటి కోరిక ఇది. గది తలుపు దగ్గర ఒక నోటుబుక్కు వేలాడదీయండి. విరిగింది, వదులైంది, జారింది, తృటిలో తప్పింది, అన్నీ అందులో రాయాలి. రాసినవారికి తిట్టు గానీ జరిమానా గానీ ఉండకూడదు. పని మొదలుపెట్టే ప్రతి బ్యాచీ ముందు నిన్నటి పేజీ చదవాలి. బాగాలేని మిషన్‌కు ఎర్ర చీటీ కట్టి, ప్లగ్గు తీసేయాలి. ఆ చీటీ కట్టే హక్కు ఆరో తరగతి పాపకు కూడా ఉండాలి. విప్పే హక్కు మాత్రం ఇన్‌చార్జికే.

రెండో కోరిక. విరాళాల్లో మొదటి వాటా ఇన్‌చార్జి జీతానికి తీసిపెట్టండి. డబ్బు చాలకపోతే లేజర్ కట్టరు మానేద్దాం. చూసే మనిషి లేకుండా తాళం మాత్రం తీయొద్దు. దాత పేరు మిషన్ మీద రాయించుకోవడం మనకు ఇష్టమే. జీతం మీద పేరు రాసుకోలేం కనుక అది ఎప్పుడూ వెనకబడుతుంది.

మూడోది మన పెద్దవాళ్లకు. 'ఏం కాదు తియ్' అనే మాట గది బయటే వదిలి రావాలి. గాగుల్స్ లేకుండా దాత వచ్చినా, హెడ్మాస్టరు గారు వచ్చినా, నేను వచ్చినా, గుమ్మం దగ్గర పిల్లలు ఆపాలి. ఆపిన పిల్లను మెచ్చుకోవాలి. ఇంకో సంగతి, ప్రమాదం పేరు చెప్పి ఆడపిల్లలను సోల్డరింగ్ బల్లకే పరిమితం చేయొద్దు. జాగ్రత్త నేర్చుకున్న చెయ్యి ఎవరిదైనా డ్రిల్లుకు ఒకటే.

నియమాల బోర్డు పిల్లల చేతే రాయించమని కమిటీని కోరుతున్నాను. మొదటి బ్యాచీకి నేర్పడానికి ఆదివారాలు వస్తాను. నాతోపాటు పనిచేసిన ఇద్దరు ఎలక్ట్రీషియన్ మిత్రులు కూడా వస్తామన్నారు. మనలో చాలామంది రిటైరై ఇంట్లోనే ఉన్నారు. ఫిట్టర్లు, వెల్డర్లు, టర్నర్లు, ఎవరికి ఏ పని వచ్చో సభ ముగిశాక కార్యదర్శి గారి దగ్గర పేరు రాయించండి. జాబితాలో ఖాళీలు ఉన్నాయి.