అడంగలునకు వాకిలి, కావలి



1984లో కరణీకము రద్దగువరకు అడంగలు కరణముగారి పెట్టెలో నుండెడిది. చూడగోరినవాడు ఆయన గడప త్రొక్కవలసినదే. 2015లో వచ్చిన మీభూమి వెబ్‌సైటు, మండలము, గ్రామము, సర్వే నెంబరు ఎన్నుకొని రైతు తానే చూచుకొను వీలు కలిగించినది. వాన మొగము చాటువేయు మన అనంతపురపు మెట్టలో, ఎండిన వేరుసెనగకు పరిహార మడుగుటకైనను బ్యాంకి అప్పునకైనను ఆ వ్రాతయే గదా యాధారము!

ఇట్టి వెబ్‌సైటులో ప్రతి పుటకు యు.ఆర్.ఎల్. అను చిరునామా యుండును. ఏ చిరునామాకు ఏ పని జరుగవలెనో నిర్ణయించుటను రౌటింగు అందురు. 2005లో వెలువడిన జాంగో వంటి సాధనములు ఆ పట్టికను పైనుండి చదివి, మొదట సరిపోలిన పంక్తియొద్దనే నిలిచిపోవును. కావున ‘సర్వే/కొత్తది’ అను పంక్తి, ‘సర్వే/ఏదైనను’ అను దానికి పైన నుండవలెను; క్రిందనున్నచో దానికి వంతు రాదు.

అసలు చిక్కు వేరు. తహశీల్దారునకు మాత్రమే చెందిన ‘సవరించు’ మీటను రైతు తెరపై దాచి, కొందరు నిశ్చింతగా నుందురు. ఇది వాకిలి మూయక ముగ్గు చెరిపినట్లున్నది! చిరునామా నెరిగినవాడు దానిని తానే టైపుచేసి లోనికి రాగలడు. ఒకరి భూమి మరొకరి పేర నెక్కవచ్చును. వచ్చినదెవరు, అధికారమెంత, ఆ భూమి వారి పరిధిలోనిదా యని సర్వరు ప్రతిమారును విచారింపవలెను. నార్పల తహశీల్దారునకైనను శింగనమల భూమిపై చేయి యుండరాదు. తన్ను తాను తెలుపుకొననివానికి 401, అధికారము లేనివానికి 403, లేని పుటకు 404 అను సంఖ్యలు జవాబుగా పోవును. సవరించినవారి పేరును, వేళయు, మునుపటి వ్రాతయు చెరుపరాని పద్దులో నిలుపవలెను.