సీసా తగ్గిద్దాం, మజ్జిగ ముంత పెంచుదాం

(మండల సమాఖ్య వార్షిక మహాజన సభలో ఆరోగ్యం, పోషణ అంశంపై చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు, అప్పులు, రికవరీ గురించి పెద్దలు లెక్కలతో సహా చెప్పారు. మాకు ఇచ్చిన అంశం ఆరోగ్యం, పోషణ. ఇందులో అన్నీ చెప్పాలంటే పొద్దు పోతుంది. అందుకని ఒక్క సంగతే తీసుకున్నాము. అది కూల్ డ్రింకు. ఇంత పెద్ద సభలో కూల్ డ్రింకు గురించా అని నవ్వుకోవద్దు. మన డబ్బు, మన పిల్లల పళ్ళు, మన షుగరు జబ్బు, ఆఖరికి మన మర్యాద కూడా ఆ సీసాతో ముడిపడి ఉన్నాయి. చల్లకు వచ్చి ముంత దాచడం ఎందుకు, అన్నీ విప్పి మాట్లాడుకుందాం.

సీసాలో ఏముంది

మా సంఘం వారం మీటింగులో ఒక పని చేశాము. 250 మిల్లీలీటర్ల కూల్ డ్రింకు సీసా ఒకటి తెచ్చి, దాని మీద చిన్న అక్షరాలు చదివాము. 100 మిల్లీలీటర్లకు చక్కెర ఎంత అనే వరుస ఒకటి ఉంటుంది. చాలా రకాల్లో అది 10 గ్రాములకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. అంటే 250 మిల్లీలీటర్ల సీసాలో 25 గ్రాములు. టీ చెంచాతో తలగొట్టి కొలిస్తే ఆరు చెంచాలు. 600 మిల్లీలీటర్ల సీసా అయితే పదిహేను చెంచాలు. ఆరు చెంచాల చక్కెర గ్లాసులో పోసి చూపిస్తే అందరూ నోరు తెరిచారు. మన ఇంట్లో ఎవరైనా గ్లాసు టీలో ఆరు చెంచాలు వేస్తే ఊరుకుంటామా? సీసాలో అయితే చల్లదనం, పులుపు, గ్యాసు కలిసి ఆ తీపిని తెలియనివ్వవు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది ఏమిటంటే, మనం విడిగా కలుపుకొనే చక్కెర పెద్దవాళ్ళకు రోజుకు సుమారు 50 గ్రాములు దాటకూడదు, 25 గ్రాముల లోపు ఉంటే ఇంకా మంచిది. అంటే ఒక్క చిన్న సీసాతోనే ఆ రోజు కోటా అయిపోయింది. పొద్దున టీ, సాయంత్రం టీ, బిస్కెట్లు అన్నీ పైన పడేవే. పిల్లలకైతే కోటా ఇంకా తక్కువ.

తినే తీపి కంటే తాగే తీపితో ఇబ్బంది ఎక్కువ. అది కడుపు నింపదు, కాబట్టి అన్నం తగ్గించం. చక్కెర మాత్రం గబగబా రక్తంలోకి పోతుంది. రోజూ అలవాటైతే బరువు పెరగడం, కాలేయానికి కొవ్వు పట్టడం, షుగరు రావడం జరుగుతాయి. మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉందని 2023లో ఐసీఎంఆర్ వాళ్ళ పెద్ద సర్వే చెప్పింది. షుగరు ఇప్పుడు డబ్బున్నోళ్ళ జబ్బు కాదు. మన సంఘాల్లో మాత్రలు మింగే వాళ్ళు ఎంతమందో మీకే తెలుసు. ఆ మాత్రలకూ, పరీక్షలకూ సంఘం అప్పే కదా తీసుకుంటున్నాం.

ఇక పళ్ళు. ఈ డ్రింకుల్లో ఆమ్లం ఉంటుంది. అది పంటి పైపొరను కరిగిస్తుంది, తోడుగా చక్కెర పుచ్చు పట్టిస్తుంది. ఏడుస్తున్నాడని చంటిపిల్లలకు మూతతో పోసే అలవాటు కొన్ని చోట్ల ఉంది. దయచేసి అది మానిపించండి. నల్ల రంగు కోలాల్లో కెఫీన్ కూడా ఉంటుంది. ఎనర్జీ డ్రింకు డబ్బాల మీదైతే పిల్లలు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు తాగకూడదని వాళ్ళే రాస్తారు. చదువు రానివాళ్ళు బాధపడొద్దు, పిల్లల చేత చదివించండి. వాళ్ళు చదివితే వాళ్ళకే బాగా ఎక్కుతుంది.

డబ్బు లెక్క

20 రూపాయల సీసా రోజు విడిచి రోజు కొంటే నెలకు 15 సీసాలు, 300 రూపాయలు. మనలో చాలా సంఘాల పొదుపు నెలకు 100 రూపాయలు. అంటే పొదుపుకు మూడింతలు సీసాకు కడుతున్నాం. ఎండాకాలం మూడు నెలలకు 900 అవుతుంది. ఇద్దరు పిల్లలుంటే ఆ లెక్క మీరే కట్టుకోండి. పైగా చక్కెర కలిపిన ఈ గ్యాసు డ్రింకుల మీద ప్రభుత్వం 40 శాతం జీఎస్టీ వేస్తున్నది.

ఇంకో సంగతి చెప్పుకోవాలి. మనలో గేదెలు ఉన్నవాళ్ళు పాలన్నీ కేంద్రానికి పోస్తున్నారు. తప్పు లేదు, అప్పు కట్టాలి. కానీ ఇంట్లో తోడు పెట్టడానికి పావు లీటరు కూడా ఉంచుకోకుండా పోసి, ఆ డబ్బుతోనే పిల్లలకు సీసాలు కొంటున్నాం. అర లీటరు పాలు తోడు పెడితే వచ్చే పెరుగును నాలుగింతల నీళ్ళతో చిలికితే రెండు లీటర్లకు పైగా మజ్జిగ అవుతుంది. ఇంటిల్లిపాదికీ రోజంతా సరిపోతుంది. పాలు అమ్మడం ఆదాయమే, ఇంట్లో పావు లీటరు ఆపుకోవడం కూడా ఆదాయమే.

మర్యాద సంగతి

ఇంటికి ఎవరన్నా వస్తే పిల్లవాణ్ణి అంగడికి పరిగెత్తిస్తాం. పెళ్ళిచూపులకు, వియ్యంకులకు, ఆఫీసరు వస్తే, అన్నిటికీ సీసానే. మజ్జిగ ఇస్తే లేనోళ్ళు అనుకుంటారేమో అని మనకు ఒక భయం. అక్కలారా, ఇది ఎప్పటి నుంచో ఉన్న ఆచారం కాదు. 1977లో కోకాకోలా మన దేశం విడిచి పోయింది, 1993లో మళ్ళీ వచ్చింది. పల్లెల్లో ప్రతి అంగడికీ ఫ్రిజ్జు, అందులో వరసగా సీసాలు వచ్చింది ఆ తర్వాతనే. అంతకుముందు మన పెద్దవాళ్ళు మర్యాద లేకుండా బతికారా? కాళ్ళు కడుక్కోవడానికి చెంబు నీళ్ళిచ్చి, తాగడానికి మజ్జిగో నిమ్మకాయ నీళ్ళో ఇచ్చేవాళ్ళు. చేత్తో చేసి ఇచ్చినదే గొప్ప మర్యాద. డబ్బు పెట్టి కొన్నది ఎవరైనా ఇవ్వగలరు.

పొలంలో మన పరిస్థితి

మిరప కోతలకు, పత్తి తీతకు పోయినప్పుడు మధ్యాహ్నం రైతు పెద్ద సీసా తెప్పించి తలా ఒక గ్లాసు పోయిస్తాడు. ఆయన మంచి మనసుతోనే పోయిస్తాడు. కానీ చెమటలో పోయేది నీళ్ళు, ఉప్పు. ఆ గ్లాసులో దండిగా ఉండేది చక్కెర. ఎండలో ఒంటికి నిజంగా కావలసింది నీళ్ళూ, ఉప్పు వేసిన మజ్జిగ. ముఠామేస్త్రి అక్కలు ముందే రైతుతో మాట్లాడి, ఆ సీసాల డబ్బుతో ఒక క్యాను మంచినీళ్ళు, ఒక బిందె మజ్జిగ పెట్టించండి. రైతుకూ ఖర్చు తగ్గుతుంది.

ఇక్కడ మగవాళ్ళు లేరు కాబట్టి ఇంకో మాట. పొలంలో చాటు ఉండదని మనం పొద్దున్నుంచి నీళ్ళే తాగం. సాయంత్రానికి తలనొప్పి, మూత్రంలో మంట. ఏళ్ళ తరబడి ఇట్లా చేస్తే మూత్రనాళ జబ్బులు వస్తాయి. నలుగురం కలిసి వెళ్ళడం, ఒక పాత చీరతో చాటు కట్టుకోవడం చిన్న పనే. నీళ్ళు మానుకోవడం మాత్రం పరిష్కారం కాదు.

బదులుగా ఏం తాగాలి

మొదటిది మంచినీళ్ళు. కాచి చల్లార్చినవి, మట్టి కుండలో పోసినవి. దీనికి మించిన పానీయం లేదు.

రెండోది మజ్జిగ. బాగా పలుచగా చేసి కొంచెం ఉప్పు, కరివేపాకు, అల్లం ముక్క నలిపి వేయాలి. బీపీ ఉన్నవాళ్ళు ఉప్పు తగ్గించుకోవాలి.

మూడోది రాగి అంబలి. రెండు చెంచాల రాగి పిండి చల్లని నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, మరిగే నీళ్ళలో పోసి, అడుగంటకుండా కలుపుతూ ఉడికించాలి. రాత్రి కుండలో ఉంచి, పొద్దున మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు వేసి తాగాలి. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. మన రాష్ట్రంలో బడి పిల్లలకు 2023 మార్చి నుంచి రాగి జావ ఇవ్వడం మొదలుపెట్టారంటే ఊరికే కాదు. కూలికి పోయేవాళ్ళకు అంబలి ఆకలిని కూడా ఆపుతుంది. సీసా ఆపదు.

నాలుగోది నిమ్మకాయ నీళ్ళు. చక్కెర ఒక చెంచాతో ఆపాలి, లేదా ఉప్పుతోనే తాగాలి. నానబెట్టిన సబ్జా గింజలు వేస్తే పిల్లలు ఇష్టంగా తాగుతారు. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఆకుకూరలో ఉండే ఇనుము ఒంటికి పట్టాలంటే నిమ్మరసం సాయం చేస్తుంది. టీ, కాఫీ దానికి అడ్డుపడతాయి. అందుకని అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటు మానాలి. కనీసం గంట ఆగాలి.

కొన్ని జాగ్రత్తలు కూడా చెప్పాలి. బెల్లం పానకం మంచిదని చెంబులు చెంబులు తాగితే బెల్లం కూడా తీపే. షుగరు ఉన్నవాళ్ళకు అది చక్కెరతో సమానం. అంగట్లో దొరికే నన్నారి, రంగు షర్బత్తుల పాకం నిండా చక్కెరే ఉంటుంది. పండు బొమ్మ వేసిన చిన్న డబ్బాలూ అంతే, వెనక లేబుల్ చూడండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు కొబ్బరి నీళ్ళు డాక్టరును అడిగే తాగాలి.

పిల్లలకు విరేచనాలైతే

ఇది చాలా ముఖ్యం, రాసుకోండి. విరేచనాలైన పిల్లలకు కూల్ డ్రింకు, పండ్ల డ్రింకు పట్టించవద్దు. ఎక్కువ తీపి పేగుల్లోకి నీళ్ళు లాగి విరేచనాలను పెంచుతుంది. ఓఆర్ఎస్ అని పెద్ద అక్షరాలతో రాసి తీపి డ్రింకులు అమ్ముతుంటే, హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ అలాంటి డ్రింకుల పేర్లలో ఓఆర్ఎస్ అనే మాట వాడకూడదని ఆదేశించింది. ఒక తెలుగు డాక్టరమ్మ పట్టుదల అది, మనం గర్వపడాలి.

అసలు ఓఆర్ఎస్ లీటరు నీళ్ళకు కలిపే పొడి. అందులో గ్లూకోజు 13.5 గ్రాములే. ఆశా కార్యకర్త దగ్గర, ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు, జింక్ మాత్రలు 14 రోజులకు అడిగి తీసుకోండి. పొట్లం అందేలోపు లీటరు మంచినీళ్ళలో తలగొట్టిన ఆరు టీ చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా పట్టించవచ్చు. కొలత తప్పకూడదు. బిడ్డ మగతగా ఉన్నా, తాగలేకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

అంగడి నడిపే అక్కల మాట

మన సభ్యుల్లోనే స్త్రీనిధి అప్పుతో చిల్లర అంగళ్ళు పెట్టుకున్నవాళ్ళు ఉన్నారు. ఎండాకాలం సీసాల మీదే వాళ్ళకు నాలుగు రూపాయలు మిగిలేది. "మీరు మానమంటే మా కిస్తీ ఎవరు కడతారు?" అని ఒక చెల్లెలు అడిగింది. న్యాయమైన ప్రశ్న. అమ్మొద్దని జరిమానాలు వేయడం మన పద్ధతి కాకూడదు. మేము ఆలోచించింది ఇది: అంగడి ముందు కుండలో మజ్జిగ, నిమ్మకాయ నీళ్ళు గ్లాసు లెక్కన అమ్మాలి. పెట్టుబడి తక్కువ, పాలు మన సభ్యుల దగ్గరే దొరుకుతాయి, లాభం ఊళ్ళోనే తిరుగుతుంది. నీళ్ళు కాచినవే వాడాలి, గ్లాసులు వేడి నీళ్ళతో కడగాలి, ఆహార భద్రతా రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. మన మీటింగులకు, ఫంక్షన్లకు ఆర్డరు వాళ్ళకే ఇస్తే కిస్తీ ఆగదు.

మా ప్రతిపాదనలు

సభ ముందు నాలుగు ప్రతిపాదనలు పెడుతున్నాము.

1. సంఘం, గ్రామ సమాఖ్య, మండల సమాఖ్య సమావేశాల్లో ఇక మీదట సీసాలు పెట్టవద్దు. మజ్జిగ, అంబలి, నిమ్మకాయ నీళ్ళే పెట్టాలి, అవి మన సభ్యుల దగ్గరే కొనాలి.

2. వేసవిలో ప్రతి గ్రామ సమాఖ్య ఒక చలివేంద్రం నడపాలి. నీళ్ళతో పాటు వారానికి కొన్ని రోజులన్నా మజ్జిగ పోయాలి.

3. బడి లోపల, గేటుకు 50 మీటర్ల లోపల ఎక్కువ చక్కెర, ఉప్పు, కొవ్వు ఉన్న తినుబండారాలు, డ్రింకులు అమ్మకూడదని 2020 నాటి ఆహార భద్రతా నిబంధనల్లో ఉంది. తల్లిదండ్రుల కమిటీలో ఉన్న మన సభ్యులు హెడ్మాస్టరు గారితో దీని గురించి మాట్లాడాలి.

4. ప్రతి సంఘం ఒక మీటింగులో సీసా లేబుల్ చదివి, చక్కెర కొలిచి చూపించాలి.

పూర్తిగా మానేయమని మేము చెప్పడం లేదు. పండగకో పబ్బానికో ఒక గ్లాసు తాగితే ఎవరూ ఏమీ అనరు. రోజూ కొనే అలవాటును తగ్గిద్దాం. ఒక్కొక్కరం వారానికి ఒక సీసా తగ్గించి, ఆ 20 రూపాయలు మీటింగులో పొదుపు పెట్టెలో వేస్తే, పది మంది సంఘానికి ఏడాదికి 10,400 రూపాయలు అవుతుంది. ఆ డబ్బు ఒక సభ్యురాలి కష్టానికి అప్పుగా ఉపయోగపడుతుంది.

 బయట అరుగు మీద మా సంఘం వాళ్ళు రెండు బిందెల అంబలి పెట్టారు. తలా ఒక గ్లాసు తాగి, ఉప్పు సరిపోయిందో లేదో చెప్పి వెళ్ళండి.