పర్వతయాత్ర – పరోపకారము
(అచ్చంపేట వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



నల్లమల వాకిటనున్న యీ యచ్చంపేటయందు మన మహాసభ జరుగుట మిక్కిలి ముదావహము. పర్వతయాత్రలచే ధర్మనిధిని సమకూర్చుటను గూర్చి ముచ్చటింపుమని ఆహ్వానసంఘమువారు నన్నాజ్ఞాపించిరి. కొండ యెక్కుటకును బీదల కష్టము దీర్చుటకును సంబంధమేమని పెద్దలు కొందఱు శంకింపవచ్చును. ఆ సంబంధమును దెలుపుటయే నా ప్రయత్నము.

ఈ పద్ధతి పాశ్చాత్యదేశములందు బహుళముగ వాడుకలోనున్నది. ఒక యువకుడు ఫలానా కొండ నెక్కుటకు సంకల్పించి బంధుమిత్రుల కడకేగును. నేను నడచు ప్రతి కిలోమీటరునకు మీరింత యిత్తురా యని యడుగును. వారు వ్రాసియిచ్చిన చందా యాత్రానంతరము వసూలై ఆసుపత్రికో, పాఠశాలకో చేరును. నడువగలవాడు శ్రమ నిచ్చును, నడువజాలనివాడు ద్రవ్యమిచ్చును. ఇది మనకు బొత్తిగా క్రొత్త గాదు. ముడుపుగట్టి కాలినడకను కొండకేగిన తాతలును, త్రోవపొడవున చలివేంద్రములు పెట్టించిన దాతలును మనకు లేకపోలేదు.

పర్వతమువలన కీర్తి వడసినవాడు పర్వతవాసులకు ఋణపడియుండునని లోకమునకు జూపినవాడు ఎడ్మండ్ హిల్లరీ. 1953 మే 29వ తేదీన టెన్సింగ్ నార్గేతో గూడి ఆయన ఎవరెస్టు శిఖరము నధిరోహించెను. అంతటితో దనివినొంది యింట గూర్చుండలేదు. మూటలు మోసి, త్రోవ జూపి, ప్రాణములొడ్డిన షేర్పా జనులకు గావలసినదేమని విచారించెను. తమ బిడ్డలకు బడి గావలెనని వారు కోరిరి. 1960లో హిమాలయన్ ట్రస్టు నేర్పడెను. 1961లో ఖుంజుంగ్ గ్రామమున పాఠశాల వెలసెను. 1966లో ఖుండే గ్రామమున ఆసుపత్రి వెలసెను. ఇందొక విశేషము గమనింపుడు. ఏమి గావలయునో నిర్ణయించినవాడు దాత గాడు; ఆ కొండలలో గాపురముండు జనులే.

పర్వతారోహణము ధనికుల వినోదమని తలంచువారికి మన తెలుగునాటనే సమాధానము గలదు. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమునకు జెందిన గిరిజన బాలిక మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లావాడైన సాధనపల్లి ఆనందకుమార్, సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. మన ప్రక్కనున్న భువనగిరి బండపై నెక్కుట నేర్చి, పిదప మంచుకొండలయందు శిక్షణము వడసి, 2014 మే 25వ తేదీన వారిరువురును ఎవరెస్టు నెక్కిరి. పూర్ణకప్పటికి పదునాలుగేండ్లయినను నిండలేదు. ప్రజాధనము బీదబిడ్డల పాదములకు బలమైనచో నేమి సాధ్యమగునో యిందువలన దెలియుచున్నది.

ఇక మన కొండల మాట. హిమవంతముతో నల్లమల సరిపోలదు. అయినను ఏటేట చైత్రపూర్ణిమకు సలేశ్వరము లోయలోనికి దిగి యెక్కు యాత్రికుల శ్రమ స్వల్పము గాదు. ఎండ మండును, రాళ్లు జాఱును, త్రోవ యిఱుకు. “వస్తున్నం లింగమయ్యా” యని కేకలిడుచు జనులు సాగుదురు. ఆ లింగమయ్యకు బూజారులు చెంచులు. ఆ యడవికి మార్గదర్శకులును వారే.

నా యనుభవ మొకటి మనవి సేసికొందును. యౌవనమున నేనా లోయనుండి మరలుచు దప్పిచే సోలిపోతిని. ఒక చెంచు వృద్ధుడు తన సొరబుఱ్ఱలోని నీరు నాకిచ్చి, చేయిపట్టి రెండు గంటలు నడిపించి రోడ్డు చేర్చెను. జేబునుండి నోటు దీయగా నాతడు తీసికొనలేదు. “అయ్యా, మా పెంటల పోరగాండ్లకు సదువు చెప్పెటోళ్లు ఎవరన్న ఉంటె తోలుండ్రి” అనెను. అట్లేయంటిని. ఇల్లు చేరి మఱచితిని. కొన్నేండ్లకు మరల బోయి విచారింపగా నాతడు గతించెనని తెలిసెను. ఆ బాకీ నాపై నిలిచియున్నది. ఖుంజుంగు షేర్పాల కోరికయు ఈతని కోరికయు నొక్కటియే, వినినవారిలోనే భేదము.

కులసంఘపు ధనము కులమునకే చెందవలెనని కొందఱందురు. మన బీదవిద్యార్థుల యవసరము నేనెఱుగనివాడను గాను. అయినను, 1918లో హైదరాబాదున వెలసిన రెడ్డి విద్యార్థి వసతిగృహము తదితర కులముల విద్యార్థులకును నీడ నొసంగియే పేరు గాంచినది. ఇంట దీపము వెలిగించినవాడు వీథిలోనికి బోవు వెలుగునకు దడిగట్టడు.

కావున నాదొక సూచన. వచ్చు సంవత్సరము మన యువకులిరువదిమంది అటవీశాఖవారి యనుమతితో నల్లమలయందు పదునైదు కిలోమీటరులు నడుతురుగాక. ఒక్కొక్కరికి పదిమంది పోషకులు కిలోమీటరునకు పది రూపాయల చొప్పున నిచ్చినచో ముప్పదివేల రూపాయలగును. ఇందు సగము మన విద్యార్థినిధికి, సగము చెంచుపెంటల పిల్లల చదువునకు జెందవలయును.

దీనికి మూడు నియమములు. మొదటిది, యాత్రాఖర్చు నడచువారే భరింపవలయును. చందాసొమ్ముతో విహారము సేయుట ధర్మము గాదు. రెండవది, మార్గము జూపు చెంచులకు దగిన కూలి ముందుగనే యీయవలయును. అది దానము గాదు, వారి కష్టార్జితము. మూడవది, లెక్కలు మఱుసటి మహాసభలో జదివి వినిపింపవలయును. అడవిలోనికి గొనిపోయిన సీసా, కాగితము మరల దెచ్చుట వేఱుగ జెప్పనక్కఱలేదు.

పోషకులారా! మీరు కొండ యెక్కనక్కఱలేదు. ఎక్కువాని వెనుక నిలుచుండిన జాలును. ఈ సభ ముగియులోపల తీర్మాన మొకటి గావింపుడు. నడుచువారి పట్టికలో మొదటి పేరు నాదిగా వ్రాసికొనుడు. మోకాళ్లు మునుపటివలె లేవు. బాకీ మాత్రము మునుపటివలెనే యున్నది.