ఆఫీసు ప్రింటర్ మీద చెక్కు: బ్యాంకు అచ్చు, మన అచ్చు



ఈ రోజు పాఠానికి కావలసిన పరికరం మీ ఇంట్లోనే ఉంటుంది. అమ్మనో నాన్ననో అడిగి చెక్కు పుస్తకం తెచ్చి ముందు పెట్టుకోండి. చింపకండి, దాని మీద ఏమీ రాయకండి. చూస్తే చాలు. పక్కన ఒక స్కేలు ఉంచుకోండి.

ఫోను మీద నాలుగు అంకెలు నొక్కి డబ్బు పంపే రోజుల్లో చెక్కు గురించి పాఠమేమిటని మీలో కొందరు నవ్వుకుంటూ ఉండవచ్చు. కాని ఢిల్లీలోని ఓఖ్లాలోనో, పక్కనే ఉన్న నోయిడాలోనో ఒక చిన్న కార్ఖానా ఆఫీసుకు నెలాఖరున వెళ్లి చూడండి. ముడిసరుకు ఇచ్చినవారికి, లారీలవారికి, భవనం యజమానికి ముప్పై నలభై చెక్కులు తయారవుతూ ఉంటాయి. వాటిని చేత్తో రాసే గుమాస్తా ఇప్పుడు అరుదు. లెక్కలన్నీ కంప్యూటర్‌లోనే ఉన్నాయి. బెంగళూరు సంస్థ తయారుచేసిన ట్యాలీ కావచ్చు, ఢిల్లీ సంస్థ తయారుచేసిన బిజీ కావచ్చు, ఏదో ఒక సాఫ్ట్‌వేర్‌లో అకౌంటెంటు చెల్లింపు నమోదు చేస్తాడు. ప్రింటర్ ట్రేలో చెక్కు కాగితం పెడతాడు. మీట నొక్కుతాడు.

ఇక్కడ మన మొదటి ప్రశ్న. ఆ ప్రింటర్ చెక్కును ముద్రిస్తోందా?

లేదు, నింపుతోంది. మన దేశంలో చెక్కును ముద్రించేది బ్యాంకు. అదైనా తన ఆఫీసులో కాదు, ఇందుకోసం గుర్తింపు పొందిన భద్రతా ముద్రణాలయాల్లో చేయిస్తుంది. మీ చెక్కు ఎడమ అంచున నిలువుగా చిన్న అక్షరాలున్నాయి, కనిపించాయా? ముద్రించినవారి పేరు, దానితోపాటు సీటీఎస్-2010 అన్న గుర్తు ఉంటాయి. అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ వ్యాపారస్తుడు ఖాళీ భద్రతా కాగితం కొనుక్కుని, ప్రత్యేకమైన టోనరు వేసుకుని, ఖాతా నంబరుతో సహా చెక్కు మొత్తాన్ని తన ఆఫీసులోనే ముద్రించుకోవచ్చు. విదేశీ పుస్తకాలు చదివి ఇక్కడా అలాగే చేయవచ్చని అనుకునేవారున్నారు. కుదరదు. ఒకే చెక్కు మీద రెండు అచ్చులుంటాయి. ఒకటి బ్యాంకుది, ఒకటి మనది. రెంటి మధ్య గీత ఎక్కడుందో తెలుసుకోవడమే ఈ పాఠం.

ముందు బ్యాంకు అచ్చు చూద్దాం. చెక్కు అడుగున తెల్లని పట్టీ మీద వింత ఆకారంలో అంకెలున్నాయి. స్కేలు పెట్టి కొలవండి. పట్టీ ఎత్తు సుమారు 16 మిల్లీమీటర్లు. మొదట ఆరంకెల చెక్కు నంబరు. తరువాత తొమ్మిదంకెల సంఖ్య. అందులో మొదటి మూడు ఊరిని, తరువాతి మూడు బ్యాంకును, చివరి మూడు శాఖను తెలుపుతాయి. ఢిల్లీ అయితే 110, హైదరాబాదు అయితే 500, విజయవాడ అయితే 520. ఈ అంకెలను ఎక్కడో చూసినట్టుందా? ఉత్తరాల మీద రాసే పిన్ కోడ్‌లో మొదటి మూడంకెలూ ఇవే.

ఈ పట్టీని ఎంఐసీఆర్ పట్టీ అంటారు. మన మహానగరాల్లో ఈ పద్ధతి 1980ల రెండో సగంలో వచ్చింది. ఇందులోని సిరాలో ఇనుప ఆక్సైడు ఉంటుంది. చెక్కు యంత్రంలోకి వెళ్లగానే ముందు ఒక అయస్కాంతం ఆ సిరాను అయస్కాంతీకరిస్తుంది. వెంటనే ఆ అంకెలు ఒక తీగచుట్ట ముందు నుంచి పరుగెడతాయి. ఫారడే 1831లో కనుగొన్న నియమం మీకు తెలుసు. తీగచుట్ట గుండా పోయే అయస్కాంత అభివాహం మారితే అందులో విద్యుచ్ఛాలక బలం పుడుతుంది, అది మార్పు రేటుకు అనులోమానుపాతంలో ఉంటుంది. అంకెలోని గీత మొదలయ్యేచోట ఒక దిశలో, ముగిసేచోట వ్యతిరేక దిశలో స్పందన వస్తుంది. ఒక్కొక్క అంకెకు ఒక్కొక్క తరంగ రూపం ఏర్పడుతుంది. అంకెలు వింతగా ఉండటానికి కారణం ఇదే. వాటిని చెక్కింది కంటి అందం కోసం కాదు, తరంగాల్లో తేడా స్పష్టంగా ఉండటం కోసం.

ఈ అంకెల రూపాన్ని ఇ-13బి అంటారు. ఇందులో 13 అన్నది అంగుళంలో వెయ్యింట 13 వంతులు, అంటే మూడో వంతు మిల్లీమీటరు. అక్షరాలను ఆ కొలత గళ్ల మీద గీశారు. అంగుళానికి కచ్చితంగా ఎనిమిది అక్షరాలు రావాలి. కాగితాన్ని అటూ ఇటూ జరిపే మామూలు ఆఫీసు ప్రింటర్‌కు ఇంత నిక్కచ్చితనం కష్టం. మరొక సంగతి. మామూలు సిరా, రబ్బరు స్టాంపు సిరా ఆ తీగచుట్టకు కనిపించవు, ఎందుకంటే వాటిలో అయస్కాంత పదార్థం లేదు. కాని కొన్ని లేజర్ ప్రింటర్ల నల్ల టోనరులో ఇనుప ఆక్సైడు కలుస్తుంది. అటువంటి ప్రింటర్ పొరపాటున ఆ పట్టీలో ఒక్క చుక్క పెట్టినా యంత్రం తడబడవచ్చు. కాబట్టి అడుగున ఉన్న ఆ 16 మిల్లీమీటర్లు మనవి కావు.

ఇక మన అచ్చు. తేదీ, పేరు, అక్షరాల్లో సొమ్ము, అంకెల్లో సొమ్ము, రెండు అడ్డగీతల మధ్య 'అకౌంట్ పేయీ' అన్న మాట. ఇంతే. చెక్కు పొడవు సుమారు 202 మిల్లీమీటర్లు, ఎత్తు 92. సాఫ్ట్‌వేర్‌కు చెక్కు కనిపించదు, దానికి తెలిసేది నిరూపకాలు మాత్రమే. ఎడమ అంచు నుంచి ఇన్ని మిల్లీమీటర్లు, పై అంచు నుంచి ఇన్ని మిల్లీమీటర్లు అని ప్రతి అంశానికీ మనం చెప్పాలి. మీరు గ్రాఫు కాగితం మీద బిందువులు గుర్తించేది ఇదే లెక్క, కాకపోతే ఇక్కడ మూలబిందువు ఎడమ పై మూలన ఉంటుంది. తేదీకి ఎనిమిది గళ్లున్నాయి. అంకెకూ అంకెకూ మధ్య దూరం అరమిల్లీమీటరు ఎక్కువైనా ఎనిమిదో అంకె చేరేసరికి ఏడు అరలు కలిసి మూడున్నర మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. సంవత్సరం గడి దాటేస్తుంది.

పైగా కొన్ని ప్రింటర్లు కాగితాన్ని ట్రే మధ్యకు సర్దుతాయి, కొన్ని ఒక అంచుకు ఆనిస్తాయి. పాత ప్రింటర్‌కు సరిపోయిన కొలతలు కొత్తదానికి సరిపోకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. అనుభవజ్ఞులైన అకౌంటెంట్లు చేసే పని తెలివైనది. చెక్కు పరిమాణంలో తెల్లకాగితం కత్తిరించి దాని మీద ముందు ముద్రిస్తారు. దాన్ని అసలు చెక్కు మీద పెట్టి వెలుతురుకు ఎత్తి చూస్తారు. అచ్చు గడిలో పడిందా, లేదా? అంతే. ఫొటోకాపీ తీసి దాని మీద ప్రయత్నించేవారికి ఒక వింత కనిపించవచ్చు. కాపీలో 'వాయిడ్' అనో, 'కాపీ' అనో ఒక మాట తేలుతుంది. అసలు చెక్కులో కంటికి ఆనని సన్నని గీతల్లో దాన్ని దాచి ఉంచుతారు.

ఇంత జాగ్రత్త దేనికంటే, చెక్కు మీద దిద్దుబాటు చెల్లదు. రిజర్వు బ్యాంకు 2010లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం పేరులో గాని, సొమ్ములో గాని తప్పు పడితే కొట్టివేసి సంతకం పెట్టే వీలు లేదు. గడువు తీరిన చెక్కును తిరిగి చెల్లేలా చేయడానికి తేదీ మార్చడం ఒక్కటే మినహాయింపు. తప్పు పడ్డ చెక్కు రద్దు, మరొకటి తీయవలసిందే.

అక్షరాల్లో సొమ్ము దగ్గర ఒక్క క్షణం ఆగుదాం. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 18వ సెక్షన్ ఏమంటుందంటే, అంకెలకూ అక్షరాలకూ తేడా వస్తే అక్షరాల్లో ఉన్నదే అసలు సొమ్ము. ఆచరణలో బ్యాంకు అలాంటి చెక్కును తిప్పి పంపేస్తుంది కూడా. కంప్యూటర్‌కు అంకెలు తెలుసు గాని మాటలు తెలియవు. 1,07,450 అన్న సంఖ్యను తీసుకోండి. దాన్ని కోటితో భాగిస్తే సున్నా, లక్షతో భాగిస్తే ఒకటి, శేషాన్ని వేయితో భాగిస్తే ఏడు, తరువాత వందతో భాగిస్తే నాలుగు, మిగిలింది యాభై. లక్షా ఏడు వేల నాలుగు వందల యాభై. కంప్యూటర్ విద్యార్థులు దీనికి ప్రోగ్రాము రాసి చూడండి, పది పన్నెండు వరసల్లో అయిపోతుంది. విదేశీ పద్ధతిలో రాసిన ప్రోగ్రాము ఇదే సంఖ్యను 'నూట ఏడు వేలు' అంటుంది. తప్పు కాదు, కాని కౌంటరులోని మనిషి కళ్లు చిట్లిస్తాడు. అన్నట్టు, తెలుగు రాష్ట్రాల్లో చెక్కును తెలుగులోనూ నింపవచ్చు. హిందీ, ఇంగ్లీషులతోపాటు ఆ ప్రాంత భాషలో రాసే హక్కు ఖాతాదారుకుంది. వాడుకునేవారు తక్కువ, అది వేరే సంగతి.

ఇప్పుడు సిరా. పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌లో సూదులు రిబ్బనును కొట్టి సిరాను కాగితం పీచులోకి దించుతాయి. ఇంక్‌జెట్‌లో ద్రవం చిమ్ముతుంది. నీటిలో కరిగే రంగయితే ఒక్క చెమట చుక్కకే పాకుతుంది. లేజర్ ప్రింటర్ సంగతి వేరు. అందులో సిరా లేదు, ప్లాస్టిక్, కర్బనం కలిసిన పొడి ఉంటుంది. స్థిర విద్యుత్తుతో అది కాగితం మీద వాలుతుంది, వేడి రోలరు కింద కరిగి అతుక్కుంటుంది. అది కాగితం లోపలికి ఇంకదు, పైన పొరలా ఉంటుంది. చెక్కు కాగితాన్ని ఆమ్లాలకు, క్షారాలకు, బ్లీచింగు ద్రావణాలకు స్పందించేటట్లు తయారుచేస్తారు. రసాయనంతో సిరా చెరిపితే మరక పడి దొంగతనం బయటపడుతుంది. కాని సరిగా అతుక్కోని టోనరును గీకడానికి రసాయనం అక్కరలేదు. నిండుగా, చక్కగా కనిపించే అచ్చు చేతిరాతకంటే భద్రమని చాలామందికి నమ్మకం. ఆ నమ్మకం నాకు లేదు. అచ్చు తీశాక వేలితో గట్టిగా రుద్ది చూడండి. ఊడితే, ప్రింటర్ అమరికల్లో మందపాటి కాగితాన్ని ఎంచుకుంటే రోలరు మరింత వేడెక్కుతుంది. పేరుకు, సొమ్ముకు ముందూ వెనుకా నక్షత్రపు గుర్తులు ముద్రించడం ఖాళీలో మరొకరు అంకె చేర్చకుండా ఉండటానికే.

చెక్కు సంతకమై బయటికి వెళ్లింది. తరువాత ఏమవుతుంది? ఇక్కడ ఢిల్లీకి ఒక ప్రత్యేకత ఉంది. ఒకప్పుడు ప్రతి చెక్కు కాగితమూ సంచుల్లో క్లియరింగ్ హౌసుకు, అక్కడి నుంచి చెల్లించే బ్యాంకుకు ప్రయాణం చేసేది. 2008 ఫిబ్రవరి 1న దేశంలో మొదటిసారిగా ఢిల్లీ రాజధాని ప్రాంతంలో ఆ ప్రయాణాన్ని ఆపారు. చెక్కు మనం వేసిన బ్యాంకులోనే ఉండిపోతుంది, దాని చిత్రం మాత్రం వెళ్తుంది. ఇదే సీటీఎస్. 2011లో చెన్నై, 2013లో ముంబై ఈ దారి పట్టాయి. చిత్రాన్ని కూడా చెక్కుగా గుర్తిస్తూ చట్టాన్ని 2002లోనే సవరించారు.

ఆ చిత్రాలు మూడు. ముందువైపు బూడిద ఛాయల్లో ఒకటి, అంగుళానికి 100 చుక్కలు. ముందువైపు నలుపు తెలుపుల్లో ఒకటి, వెనుకవైపు ఒకటి, అంగుళానికి 200 చుక్కలు. నలుపు తెలుపు చిత్రంలో సుమారు పదకొండున్నర లక్షల చుక్కలుంటాయి, ప్రతి చుక్కా నలుపో తెలుపో కావాలి, మధ్యలో ఏమీ లేదు. పూర్తి నలుపును 0, తెలుపును 255 అనుకుని, 128 దగ్గర గీత గీశామనుకోండి. కొత్త టోనరు 30 ఉంటుంది, నల్లచుక్కగా మిగులుతుంది. అరిగిన రిబ్బను 140 ఉంటే? తెలుపైపోతుంది. మన చేతిలోని కాగితం మీద కనిపించే పేరు చిత్రంలో మాయమవుతుంది. సంతకం మీద, సొమ్ము మీద పడ్డ కంపెనీ స్టాంపు దీనికి ఎదురు పని చేస్తుంది, ఉన్నదాన్ని నల్లగా కప్పేస్తుంది.

ఇంతకన్నా లోతైన చిక్కు ఒకటుంది. అతినీల లోహిత కాంతిలో మెరిసే బ్యాంకు చిహ్నం, నీటిగుర్తు, కాగితం గరుకుదనం, వీటిని పరీక్షించగలిగేది కాగితం చేతిలో ఉన్న బ్యాంకు. కాని దానికి మన సంతకం తెలియదు. సంతకం నమూనా ఉన్న మన బ్యాంకు చేతిలో కాగితం లేదు, చిత్రమే ఉంది. కళ్లు ఒకచోట, జ్ఞాపకం మరొకచోట! 2025 అక్టోబరు 4 నుంచి చెక్కులను రోజంతా ఎప్పటికప్పుడు పంపి, ఆ సాయంత్రంలోగా తేల్చే పద్ధతి వచ్చింది. తీరిగ్గా చూసే సమయమూ తగ్గింది.

ఈ ఖాళీని పూడ్చడానికి 2021 జనవరి 1న వచ్చినదే పాజిటివ్ పే. యాభై వేలు, అంతకు పైబడిన చెక్కులకు ఖాతాదారు కోరితే ఈ సదుపాయం ఇవ్వాలి. ఐదు లక్షలు, అంతకు పైబడితే బ్యాంకు దీన్ని తప్పనిసరి చేయవచ్చు. చెక్కు ఇచ్చినవారు దాని నంబరు, తేదీ, పేరు, సొమ్ము ముందే బ్యాంకుకు తెలుపుతారు. చిత్రం వచ్చినప్పుడు బ్యాంకు రెంటినీ పోల్చి చూస్తుంది. అచ్చు వేసిన సాఫ్ట్‌వేర్‌లోనే ఈ వివరాలన్నీ ఉన్నాయి కాబట్టి ఆఫీసుకు పెద్ద పని కాదు.

అయితే ఆ వివరాల్లో ఒకటి, అంటే చెక్కు నంబరు, బ్యాంకు అచ్చులోనిది. మిగతావి మన అచ్చులోనివి. ట్రేలో పది చెక్కులు పెట్టి మీట నొక్కారనుకోండి. మూడో చెక్కు దగ్గర రోలరు రెండు కాగితాలను కలిపి లాగింది. సాఫ్ట్‌వేర్‌కు ఆ సంగతి తెలియదు. నాలుగో నంబరు మీద లారీ యజమాని పేరు పడిందని అది అనుకుంటుంది. కాగితంలో ఆ పేరు ఐదో నంబరు మీద ఉంది. అక్కడి నుంచి చివరిదాకా అన్నీ ఒక మెట్టు పక్కకు. ఈ జాబితాయే పాజిటివ్ పే కింద బ్యాంకుకు వెళితే, ఖాతాలో డబ్బుండి, సంతకం సరిగ్గా ఉండి, అచ్చు నల్లగా మెరుస్తూ ఉండి కూడా ఆ చెక్కులు తిరిగి వస్తాయి. అందుకే సంతకానికి పంపేముందు ఒక మనిషి ప్రతి చెక్కు అడుగున ఉన్న ఆ ఆరంకెలను తెర మీది నంబరుతో కలిపి చదవాలి. ముప్పై చెక్కులకు ఐదు నిమిషాలు పడుతుంది.