త్రోవ ప్రక్కనున్న సంజ్ఞలు



వ్యాకరణము చదువఁబూనిన వానికి బాలవ్యాకరణములో మొట్టమొదట నెదురగునది సంజ్ఞా పరిచ్ఛేదము. అది తెలియనిదే తరువాతి సూత్ర మొక్కటియు బోధపడదు. నేఁటి రహదారికిని అట్టి సంజ్ఞా పరిచ్ఛేద మొకటి కలదు. దాని నభ్యసింపకయే మన మనుమలు బండ్లు తోలుచున్నారు. ఆ సంగతి ముచ్చటించుటకే నేఁడు మీ ముందుకు వచ్చితిని.

మా డోర్నకల్లు రైలు కూడలి. కాజీపేటనుండి విజయవాడకుఁ బోవు పెద్దదారిని విడిచి భద్రాచలం రోడ్డు స్టేషనుకుఁ బోవు శాఖ యిచ్చటనే చీలును. మా చిన్నతనమున స్తంభముమీఁది రెక్క వాలినచో రైలు వచ్చుననియు, అడ్డముగా నున్నచో రాదనియు అక్షరము రాని పసులకాపరికిని దెలియును. రైలు సంజ్ఞను మన్నించిన మా యూరివారమే రోడ్డు సంజ్ఞను లెక్కసేయకుండుట చూచి నాకు వింతగా నుండును.

రోడ్డు పలకలో మొదట చూడవలసినది వ్రాఁత కాదు, ఆకారము. గుండ్రని పలక ఆజ్ఞ. ముక్కోణపు పలక హెచ్చరిక. దీర్ఘచతురస్రపు పలక సమాచారము. ఎనిమిది మూలలుగల యెఱ్ఱ పలక కనఁబడినచో బండిని పూర్తిగా నాపి, చూచి, పిమ్మట కదలవలెను. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టమునకు మొదటి అనుబంధముగా నీ సంజ్ఞల నన్నిటిని చేర్చియున్నారు.

దారి చూపు పలకలు పెద్ద రహదారులపైఁ బచ్చగా నుండును. వానిపై తెల్లని యక్షరములతో ఊళ్ల పేర్లును, బాణపు గుఱుతులును గలవు. కూడలికి ముందే యొక పలక నుంచుట యెందులకు? ఖమ్మమున కెటు, మహబూబాబాదున కెటు అని యచ్చటనే నిశ్చయించుకొనుటకు. దానిని చదువనివాఁడు నాలుగు దారుల నడుమ బండి నాపి టీకొట్టువానిని దారి యడుగును. వెనుక వచ్చు లారీ సంగతి వానికిఁ బట్టదు. పలక లేనిచోట కిలోమీటరు రాయి చూడవచ్చును. తల పసుపైన జాతీయ రహదారి, ఆకుపచ్చయైన రాష్ట్ర రహదారి, నారింజయైన గ్రామపు రోడ్డు.

ఇఁక బండి నిలుపుటను గూర్చి. ఎఱ్ఱ అంచుగల నీలపు గుండ్రని పలకమీఁద ఎఱ్ఱ గీఁత యొక్కటే యున్నచో బండిని నిలిపియుంచరాదు. మనిషిని దింపి వెంటనే పోవచ్చును. రెండు గీఁతలు కత్తెరవలె దాఁటుకొని యున్నచో క్షణమైనను ఆఁగరాదు. పెండ్లి ఫ్లెక్సీలు కట్టుటకు మనవా రెన్నుకొను స్తంభములు తఱచు నివియే!

పలక లేనిచోట మాట యేమి? కొన్నియేండ్ల క్రిందట మిర్చి బస్తాలతో ఖమ్మము మార్కెట్టునకుఁ బోవు ట్రాక్టరొకటి టైరు పగిలి రాత్రివేళ మలుపులో నిలిచిపోయెను. తోలువాఁడు మరమ్మతు చేయువానికై పోయినాఁడు. ట్రాలీ వెనుక దీపము లేదు, వెలుఁగునకు మెఱయు పట్టీ యైనను లేదు. నాయొద్ద ఐదేండ్లు చదువుకొనిన కుఱ్ఱవాఁడు మోటారు సైకిలుపై వచ్చి దానిని ఢీకొని యచ్చటనే ప్రాణము విడిచెను. ఆ ట్రాక్టరువాఁడు దుర్మార్గుఁడు కాఁడు. మఱునాఁడు నాయెదుట నేడ్చుచు, “అయ్యా పంతులుగారూ, అక్కడ నిలుపరాదను పలక లేదు గదా!” యనెను. నాకు మాట రాలేదు. వానికి వ్రాఁత నేర్పినవాఁడను నేనే.

పలక లేకున్నను నిషేధము గల స్థలములు 1989 నాఁటి నిబంధనలలోను, వాని స్థానమున 2017లో వచ్చినవానిలోను గలవు: మలుపు, వంతెన, కూడలి, బస్సు నిలుచు తావు, బడి గుమ్మము, ఆసుపత్రి గుమ్మము మొదలైనవి. ఇతరులకు అపాయము గాని యడ్డంకి గాని కలుగునట్లు బండిని విడిచిపోరాదని చట్టములోని 122వ సెక్షను. ఎచ్చటనైన బండి చెడినచో వీలున్నంత మట్టుకు మట్టి అంచునకుఁ ద్రోసి, వెనుక కొంత దూరమున మెఱయు ఎఱ్ఱ ముక్కోణము నుంచి, ఒక మనిషిని కావలి నిలుపవలెను.

శివరాత్రికి కురవి వీరభద్రస్వామి జాతరకుఁ బోవునపుడు ఆటోలును, ట్రాక్టర్లును రోడ్డున కిరువైపుల నెదురెదురుగా నిలిచి నడుమ దారి మిగులనీయవు. ఈసారి మీరు బయలుదేరకముందు బండి తోలు మనుమనిఁ బిలిచి, గీఁత యొకటైన నేమి, రెండైన నేమి, గీఁతయే లేని మలుపైన నేమి యని యడిగి చూడుఁడు. వాఁడు చెప్పలేకపోయినచో ఆనాఁడు బస్సులోఁ బోవుఁడు.