నీ చెయ్యి చల్లగుండ

(వార్షికోత్సవ సభలో షోలాపూర్ కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)

బరంపురం నుంచి, కంచి నుంచి, బెంగళూరు నుంచి, భివండి నుంచి, యానాం నుంచి మగ్గం ఆపుకొని, ఒక రోజు కూలి వదులుకొని వచ్చారు. పనిలో, రోజువారీ బతుకులో కృతజ్ఞత అనే విషయం మీద మమ్మల్ని నాలుగు మాటలు చెప్పమన్నారు.

మొదట ఆ మాట గురించే చెప్పుకోవాలి. కృతజ్ఞత అన్నది వేదిక మీద మాట. మన ఇళ్లలో ఎవరూ అనరు. మంచినీళ్లు తెచ్చిచ్చిన ఇల్లాలితో "ధన్యవాదాలు" అంటే, ఈయనకు ఒంట్లో బాగానే ఉందా అని నుదురు తాకి చూస్తుంది. మన ముసలమ్మలు మాత్రం ఒక మాట అనేవారు: "నీ చెయ్యి చల్లగుండ." తెలంగాణ పల్లెల నుంచి మన తాతలతో పాటు షోలాపూర్‌కు వచ్చిన మాట ఇది. గమనించండి, దీవెన మనిషికి కాదు, చేతికి. చేతుల మీద బతికే కులానికి అంతకన్నా సరైన మాట దొరకదు.

దేవుడి విషయంలో, పనిముట్టు విషయంలో మనకు ఏ లోటూ లేదు. పొద్దున మగ్గం ఎక్కే ముందు దాన్ని ముట్టుకొని కళ్లకు అద్దుకుంటాం. మహారాష్ట్రలో ఖండే నవమి నాడు నాడెకు, అచ్చుకు, సాంచెకు పసుపు కుంకుమ పెట్టి బంతిపూలు కడతాం. నారళీ పౌర్ణమికి మార్కండేయ మహామునిని రథం మీద ఊరేగిస్తాం. మరాఠీ, కన్నడం మాట్లాడే ఇరుగుపొరుగు కూడా దారి పక్కన నిలబడి దండం పెట్టుకుంటారు. మనకు చోటిచ్చిన ఊరు అది, దాన్నీ మరవలేదు. మరి దేవుడికీ మగ్గానికీ మధ్యన ఉన్న మనుషుల సంగతి?

నాడె ఒక్కసారి ఇటు నుంచి అటు పోవాలంటే వెనకాల ఎన్ని చేతులు కదలాలి? చిలపలు విప్పాలి, రాట్నం మీద కండెలు చుట్టాలి, పడుగు చేయాలి, గంజి పెట్టాలి, తెగిన పోగులు వెతకాలి, కొత్త పడుగును పాత పడుగుతో పోగు పోగుకూ అతకాలి. ఈ పనుల్లో చాలా వరకు ఆడవాళ్లు, ముసలివాళ్లు చేసేవే. సాంచెల పేటల్లోనూ అంతే. తువ్వాళ్ల అంచు కుట్టేది, మడత పెట్టేది ఎవరు? కూలి చీటీ మీద మాత్రం ఒక్క పేరే ఉంటుంది, నేసినవాడిది. 2019-20 చేనేత గణనలో దేశంలో సుమారు 35 లక్షల మంది చేనేత కార్మికులు తేలితే, అందులో 25 లక్షలకు పైగా ఆడవాళ్లే. అంటే నూటికి 72 మంది. మన సంఘాల సభ్యత్వ పుస్తకం తీసి చూడండి, అందులో ఎందరున్నారో.

బీడీల మాట కూడా చెప్పాలి. సాంచెలు ఆగిన నెలల్లో షోలాపూర్ ఇళ్లలో పొయ్యి వెలిగించింది తునికాకు. పగలంతా ఒళ్లో చేట పెట్టుకొని బీడీలు చుట్టిన చెయ్యే రాత్రి కండెలు చుట్టింది. సిరిసిల్లలో ఉన్న మన చుట్టాలకూ ఈ సంగతి కొత్త కాదు. నేత కుటుంబం అని బోర్డు రాసుకుంటాం గానీ, నేతను నిలబెట్టింది చాలా ఏళ్లు బీడీ కూలే.

కృతజ్ఞత అంటే ఎలా ఉండాలో మన కులంలోనే ఒకాయన చూపించాడు. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం. పోచంపల్లి పట్టుచీరకు చిటికి కట్టే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రంలా నాటిన మేకుల చుట్టూ దారాన్ని ముందుకీ వెనక్కీ తిప్పాలి. ఒక చీరకు చెయ్యి సుమారు 9 వేల సార్లు తిరగాలి. రోజుకు రెండు చీరలంటే 18 వేలు. తల్లి లక్ష్మమ్మ భుజం నొప్పితో పడే బాధ చూసి ఆయన 1992లో యంత్రం పని మొదలుపెట్టాడు. డబ్బు లేదు, ఇంజనీరు చదువు లేదు. నడుమ ఆపేశాడు, హైదరాబాదు పోయి పనిచేసుకుంటూ మళ్లీ పట్టుకున్నాడు. 1999లో యంత్రం తిరిగింది. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. దానికి లక్ష్మీ ఆసు యంత్రం అని తల్లి పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన కథ సినిమాగా కూడా చూశారు మీరు. మనకు ఇక్కడ పనికొచ్చే సంగతి ఒకటుంది. అమ్మ కష్టం ఎంత గొప్పదో అని ఆయన పద్యం చెప్పి ఊరుకోలేదు. ఆ కష్టాన్ని లెక్కపెట్టాడు. 9 వేల సార్లు అని లెక్క తెలిస్తేనే కదా తగ్గించాలని తోచేది!

అందరూ యంత్రాలు కనిపెట్టలేం. కానీ లెక్క రాయగలం.

"ఇంటి మనిషికి లెక్కేమిటి? ప్రేమ ఉన్నచోట పుస్తకం ఎందుకు?" అని కొందరు పెద్దలు మమ్మల్ని అడిగారు. నిజమే, వినడానికి బాగుంటుంది. కానీ ఇంటాయన పోయాక అప్పుకో, బీమాకో, పింఛనుకో పోయిన ఆమెను "నువ్వు నేతపని చేస్తావా? కాగితం ఏది?" అని అడుగుతారు. ముప్పై ఏళ్లు కండెలు చుట్టిన మనిషి దగ్గర ఒక్క చీటీ ఉండదు. ఇలాంటి ఇల్లు లేని పేట మనకు లేదు. అక్కడ ప్రేమ సాక్ష్యం చెప్పదు. చేనేతలో పెహచాన్ కార్డు నేసేవాళ్లకే కాదు, కండెలు, పడుగు లాంటి అనుబంధ పనులు చేసేవాళ్లకూ ఇస్తారు. ఈ సంగతి మన ఆడవాళ్లలో చాలామందికి చెప్పినవాళ్లు లేరు.

ఇంకో మాట, కాస్త చేదుగా ఉంటుంది. కొన్నిచోట్ల కృతజ్ఞతను కిందివాళ్ల నుంచి పైకి మాత్రమే అడుగుతారు. "పని ఇచ్చాను కదా, విశ్వాసంగా ఉండు" అంటారు ఆసాములు. పనిచ్చినవాడికి మేలు తలవడం ధర్మమే, కాదనం. కానీ వారం కూలికి వచ్చిన ఆమెను "రేపు రా" అని రెండుసార్లు తిప్పినవాడికి ఆ మాట అనే హక్కు లేదు. చెప్పిన రోజున, చెప్పిన లెక్క ప్రకారం, ఆమె చేతికే డబ్బు ఇవ్వడం కన్నా పెద్ద కృతజ్ఞత మా ఎరుకలో లేదు.

నవ్వకండి, శాలువాల గురించి కూడా అడగాలి. మన సభల్లో పెద్దలకు కప్పే శాలువా ఎక్కడ నేసింది? బజారులో కొన్న పాలిస్టరు. నేతగాళ్ల సభలో నేతగాడిని మిల్లు గుడ్డతో సన్మానిస్తున్నాం! ఈసారి కప్పేది షోలాపూర్ చద్దరు. బరువుగా ఉంటుంది, ఓర్చుకోండి. చద్దరు మడతలో ఒక చీటీ ఉంటుంది. నేసినవారి పేరు, కండెలు చుట్టినవారి పేరు, అంచు కుట్టినవారి పేరు అందులో రాశాం. ఆ పేర్లు రాయించుకోవడానికి పోతే "నా పేరెందుకయ్యా, ఆయనది రాసుకోండి" అన్న అక్కలే ఎక్కువ. ఒకామె తన పూర్తి పేరు చెప్పడానికి కాసేపు ఆలోచించుకోవాల్సి వచ్చింది. పిల్లల తల్లి అనో, ఫలానా వాళ్ల కోడలు అనో పిలిపించుకొని ఆమెకు నలభై ఏళ్లు దాటాయి.

ప్రతి ఊరి కార్యదర్శికీ ఒక కట్ట కాగితాలు ఇస్తున్నాం. ఇంటికో కాగితం. నేసేవారి పేరు కింద నాలుగు గీతలు ఖాళీగా ఉంచాం. ఏ పని ఎవరు చేస్తారో, ఎన్నేళ్లుగా చేస్తున్నారో, కార్డు ఉందో లేదో రాయాలి. రాసేటప్పుడు మగవాళ్లను కాదు, ఆమెనే అడగాలి. కట్టలు ద్వారం దగ్గర బల్ల మీద ఉన్నాయి, భోజనానికి పోయే ముందు తీసుకోండి. దసరా లోపు నింపి పంపితే కార్డు లేనివాళ్ల జాబితా విడిగా తీసి, దరఖాస్తుల పని మా కమిటీ మొదలుపెడుతుంది.